తేటనీరు – మంచినీరు

పాఠ్యభాగ పరిచయం

పరిశుభ్రత ఆరోగ్యానికి మూలమని మనం బాల్యం నుండి వింటూనే ఉన్నాం. అయితే ఒక వస్తువు పరిశుభ్రమైనదో కాదో నిర్ణయించేది ఏది? మన కన్నా, నాలుకా, లేక పరీక్షా? దర్శి, పొదిలి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల త్రాగునీటి సమస్యను ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నకు సమాధానం వెదకడం ఈ పాఠం ఉద్దేశం.

మంచినీరు అనే మాట

త్రాగే నీటికి తెలుగువారు పెట్టుకొన్న పేరు మంచినీరు. పల్లెలలో బావులను కూడ మంచినీళ్ళ బావి, ఉప్పునీళ్ళ బావి అని రెండు విధాలుగా చెప్పడం పరిపాటి. పప్పు చక్కగా ఉడికితే, నాలుకకు తియ్యగా తోస్తే, బిందెలో పోసినప్పుడు అడుగు స్పష్టంగా కనబడితే అది మంచినీరు. తరతరాల అనుభవం నేర్పిన ఈ పరీక్షలు చాల సందర్భాలలో సరియైనవే. నీటిలో ఉప్పు ఎక్కువైతే నాలుక చెబుతుంది. బురద ఉంటే కన్ను చెబుతుంది. కుళ్ళు ఉంటే ముక్కు చెబుతుంది. కాని ఈ మూడింటికీ అందని దోషం ఒకటి నీటిలో ఉండవచ్చునని పశ్చిమ ప్రకాశ ప్రాంత ప్రజలు తమ దేహాల ద్వారా తెలుసుకొన్నారు. ఆ దోషం ఫ్లోరైడు. దానివల్ల కలిగే వ్యాధి ఫ్లోరోసిస్.

నీటిలో ఉండే మోతాదులో ఫ్లోరైడుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. గుడ్డతో వడగట్టినా అది పోదు. కాచి చల్లార్చినా పోదు. పైగా మరిగేటప్పుడు నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడు మాత్రం అడుగున మిగిలిన నీటిలోనే ఉండిపోతుంది. అందువల్ల కాచిన నీటిలో దాని సాంద్రత కొంత పెరుగుతుంది కూడ. క్రిములను చంపే క్లోరిన్ దీనిని ఏమీ చేయలేదు. మనం నేర్చుకొన్న శుభ్రతా నియమాలు ఒక్కొక్కటిగా ఇక్కడ ఓడిపోతాయి.

పలువరుసపై పడిన నింద

ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న గ్రామాల పాఠశాలలలో ఈ వ్యాధి మొదట కనబడేది పిల్లల పలువరుసలోనే. కొందరి పళ్ళపై సుద్దముక్కతో గీసినట్లు తెల్లని చారలు ఉంటాయి. కొందరికి అవి పసుపు రంగులోనూ, మరికొందరికి ముదురు గోధుమ రంగులోనూ అడ్డంగా కనబడతాయి. దోషం తీవ్రమైతే పంటిపై చిన్నచిన్న గుంటలు పడి, అంచులు పెళుసుబారి విరిగిపోతాయి.

ఇలాంటి పళ్ళను చూచినవారు మొదట అనే మాట ఒక్కటే: “పళ్ళు సరిగా తోముకోవడం లేదు.” ఇంట్లో పెద్దలు మందలిస్తారు. తోటి విద్యార్థులు ఎగతాళి చేస్తారు. ఆ మాట నమ్మిన పిల్లలు బూడిదతో, ఇటుకపొడితో, ఉప్పుతో పళ్ళను గట్టిగా రుద్దుతారు. చిగుళ్ళు గాయపడతాయి, పంటిపైని మెరుగు అరిగిపోతుంది, మచ్చ మాత్రం పోదు. ఎందుకనగా ఆ మచ్చ పంటిమీద పేరుకొన్న మురికి కాదు, పంటి నిర్మాణంలోనే కలిగిన లోపం. క్రమంగా ఆ పిల్లలు నవ్వవలసి వచ్చినప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం, పదిమందిలో మాట్లాడడానికి వెనుకాడడం అలవాటు చేసుకొంటారు. నీటి దోషానికి పిల్లల శుభ్రతను నిందించడం కంటె పెద్ద అన్యాయం ఏముంటుంది?

పంటిని కప్పి ఉండే తెల్లని గట్టి పొరను ఎనామిల్ అంటారు. శాశ్వత దంతాలు చిగుళ్ళలోపల రూపొందుతున్న కాలంలో, అంటే పుట్టినది మొదలు సుమారు ఎనిమిది సంవత్సరాల వయస్సు వరకు, శరీరంలోకి అధికంగా చేరిన ఫ్లోరైడు ఈ పొర సరిగా గట్టిపడకుండ అడ్డుపడుతుంది. అందుచేత పన్ను బయటకు వచ్చేనాటికే అందులో లోపం ఉంటుంది. మురికి వల్ల ఏర్పడే పాచి సాధారణంగా చిగుళ్ళ అంచున చేరుతుంది, గీస్తే ఊడివస్తుంది. ఫ్లోరోసిస్ చారలు మాత్రం కుడిఎడమ పళ్ళపై ఒకే తీరుగా, జంటజంటగా ఉంటాయి. గీసినా పోవు. అయితే పళ్ళపై కనబడే ప్రతి మచ్చ ఫ్లోరోసిస్ కాదు. దానిని నిర్ధారించవలసినవాడు దంతవైద్యుడు.

ఇది అంటువ్యాధి కాదు. వంశపారంపర్యంగా వచ్చేది కూడ కాదు. ఒక ఇంట్లో అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ ఒకే రకమైన చారలు ఉన్నాయంటే వారు ఒకే బావి నీరు త్రాగి పెరిగారని మాత్రమే అర్థం.

ఈ సత్యం బయటపడడానికి ప్రపంచంలో చాలకాలం పట్టింది. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో వృత్తి ప్రారంభించి, అక్కడ పుట్టి పెరిగినవారి పళ్ళు గోధుమరంగులో ఉండడం చూచి ఆశ్చర్యపడ్డాడు. పెద్దవయస్సులో ఆ పట్టణానికి వచ్చినవారికి ఆ మచ్చలు లేవు. నీటిలో ఏదో ఉన్నదని ఆయన అనుమానించాడు గాని, అది ఏమిటో తెలియడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త అటువంటి నీటిని పరీక్షించి, అందులో ఫ్లోరైడు అధికంగా ఉన్నదని కనుగొన్నాడు.

1937 – మన ప్రాంతం పేరు శాస్త్రగ్రంథాలలోకి

భారతదేశంలో ఈ వ్యాధిని గుర్తించిన చరిత్ర మన ప్రాంతంతోనే మొదలయింది. నేటి ప్రకాశం జిల్లాకు 1970లో ఒంగోలు జిల్లాగా రూపం ఏర్పడింది. 1972లో ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు దానికి పెట్టారు. అంతకు ముందు దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో భాగాలు. 1930 దశకంలో అక్కడి రైతులు తమ కాడెద్దుల కీళ్ళు బిగుసుకొనిపోయి, అవి నడవలేని స్థితికి రావడం గమనించారని చెబుతారు. అటు తరువాత మనుష్యులలోనూ అదే లక్షణం కనబడింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు సహచరులతో కలిసి నెల్లూరు జిల్లా రోగులను పరిశీలించి, 1937లో ఈ వ్యాధిని గురించి ప్రకటించాడు. మన దేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర చెప్పేవారు ఆ సంవత్సరంతోనే ప్రారంభిస్తారు.

1940లో పండిట్, ఆయన సహచరులు దక్షిణ భారతదేశంలో మరికొన్ని పరిశోధనలు చేశారు. ఒకే విధమైన నీరు త్రాగినా, పౌష్టికాహారం కొరవడిన పేదలలో వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉంటుందని వారి పరిశీలన సూచించింది. అనగా నీటి దోషంతో పాటు దారిద్ర్యం కూడ ఈ వ్యాధికి తోడ్పడుతుందన్నమాట. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతపు యువకులలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానితో ఒకటి ఒరసుకొనే అంగవైకల్యాన్ని వర్ణించారు. నల్లగొండ పేరు కూడ ఈ విషాదంతో ముడిపడిపోయింది.

రాయి నుండి నీటికి, నీటి నుండి ఎముకకు

నీటిలోకి ఫ్లోరైడు ఎక్కడి నుండి వస్తుంది? ఇది కర్మాగారాలు వదలిన కాలుష్యం కాదు, నేల అడుగున ఉన్న రాయి ఇచ్చినది. గ్రానైటు, నైస్ వంటి కఠిన శిలలలో ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాలు ఉంటాయి. వాటిలో ఫ్లోరిన్ ఇమిడి ఉంటుంది. కనిగిరి పరిసరాలలోని గ్రానైటు ఫ్లోరిన్ అధికంగా గల శిలగా భూగర్భ శాస్త్రజ్ఞులకు సుపరిచితం. వాననీరు నేలలోకి ఇంకి, రాతి పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలిచినప్పుడు ఆ ఖనిజాలు కొద్దికొద్దిగా కరుగుతాయి. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ అయిన మెట్టప్రాంతాలలో పాతనీటిని కొత్తనీరు పలుచన చేయదు. నీటిలో సోడియం బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటే ఫ్లోరైడు మరింత సులభంగా కరిగి నిలుస్తుంది.

ఎంత ఉంటే ప్రమాదం? లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చునని, వేరొక నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి కూడ 1.5 మిల్లీగ్రాములే. అది దాటితే పళ్ళపై మచ్చలు, 3 నుండి 6 మిల్లీగ్రాముల మధ్య ఎముకల వ్యాధి, 10 దాటితే అంగవైకల్యం సంభవించవచ్చు. స్వల్పమోతాదులో ఫ్లోరైడు పళ్ళను పుచ్చిపోకుండ కాపాడుతుందన్నది కూడ నిజమే. దంతధావన పేస్టులలో దానిని చేర్చేది అందుకే. హితానికీ అహితానికీ మధ్య ఉన్న దూరం ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడవలసి ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల నీటిని నీడపట్టున ఉండేవారు రోజుకు రెండు లీటర్లు త్రాగితే వారి శరీరంలోకి 3 మిల్లీగ్రాములు చేరుతుంది. వేసవిలో పొలం పనిచేసే కూలీ అదే నీటిని ఆరు లీటర్లు త్రాగితే 9 మిల్లీగ్రాములు చేరుతుంది. నీరు ఒక్కటే, ప్రమాణం ఒక్కటే. కాని ఎండలో శ్రమించేవారికి అపాయం మూడు రెట్లు.

శరీరంలో చేరిన ఫ్లోరైడులో కొంత మూత్రం ద్వారా బయటకు పోతుంది. మిగిలినది ఎముకలలో నిలిచిపోతుంది. పెరిగే వయస్సులో ఉన్న పిల్లల ఎముకలు దానిని మరింత ఎక్కువగా నిలుపుకొంటాయి. మొదట మెడ, నడుము, మోకాళ్ళు నొప్పి పెడతాయి. చాలమంది దానిని వాతమనో, పనిభారమనో అనుకొంటారు. తరువాత ఎముకలను బంధించే నరాల వంటి తంతువులు సైతం గట్టిపడి, వెన్ను వంగక, మెడ తిరగక, మనిషి కొయ్యబారిపోతాడు. ఆ దశ చేరినవారికి పూర్తిగా నయం చేసే మందు లేదు. నిటారుగా నిలబడి మోకాళ్ళు వంచకుండ కాలివ్రేళ్ళను తాకగలగడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించగలగడం, రెండు చేతులనూ తలవెనుక జోడించగలగడం అనే మూడు సులభమైన చేష్టలను గ్రామాలలో ప్రాథమిక పరీక్షగా ఉపయోగిస్తారు. వీటిలో ఏది చేయలేకపోయినా వైద్యుని సంప్రదించవలసి ఉంటుంది.

ఒక ఆపద నుండి మరొక ఆపదకు

ఇంత ప్రమాదం ఉన్న లోతునీటిని మనం ఎందుకు తోడుకొన్నాం? ఈ ప్రశ్నకు సమాధానం గమనింపదగినది. పూర్వం గ్రామాలలో చెరువులు, దిగుడుబావులే నీటి వనరులు. వాటిలో మనుషులు దిగేవారు, పశువులు దిగేవి. కలరా, విరేచనాలు, నారికురుపు వంటి వ్యాధులు ఆ నీటి ద్వారానే వ్యాపించేవి. వాటి నుండి కాపాడడానికి, కరవు కాలంలో నీరు అందించడానికి లోతైన బోర్లు వేయడం ఉత్తమమని ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు భావించాయి. 1967 నుండి యునిసెఫ్ సంస్థ గట్టిరాతిని తొలిచే యంత్రాలను మన దేశానికి అందించింది. ప్రజలు బోరింగు అని పిలుచుకొనే చేతిపంపు ఊరూరా వెలిసింది. పాఠశాల ఆవరణలో కూడ ఒకటి నిలిచింది.

ఆ ప్రయత్నం వ్యర్థం కాలేదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలను పీడించిన నారికురుపు దేశంలో చివరిసారిగా 1996లో కనబడింది. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని ఆ వ్యాధి నుండి విముక్తమైన దేశంగా ప్రకటించింది. కాని క్రిములు లేని ఆ లోతునీటిలో రాయి కలిపిన ఫ్లోరైడును నాడు ఎక్కువమంది పరీక్షించలేదు. నీటిమట్టం తగ్గినకొద్దీ బోర్లను మరింత లోతుకు దించారు. రాతితో ఎక్కువకాలం కలిసి ఉన్న నీరు పైకి వచ్చింది.

ఇది మనకు మాత్రమే కలిగిన అనుభవం కాదు. బంగ్లాదేశ్‌లో సైతం చెరువునీటి వ్యాధులను నివారించడానికి 1970 దశకం నుండి లక్షలాది గొట్టపుబావులు వేశారు. శిశుమరణాలు తగ్గాయి. కాని 1993లో ఆ నీటిలో ఆర్సెనిక్ అనే విషపదార్థం బయటపడింది. అక్కడ బావులను పరీక్షించి, పనికిరాని వాటికి ఎరుపురంగు, పనికివచ్చే వాటికి ఆకుపచ్చరంగు పూశారు. చదువురానివారికి కూడ అర్థమయ్యే ఆ ఉపాయం ఎక్కడైనా అనుసరింపదగినది.

నివారణ మార్గాలు

ఫ్లోరైడును నీటి నుండి తొలగించడం సాధ్యమే. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతి నల్లగొండ పద్ధతి అనే పేరుతోనే ప్రసిద్ధి చెందింది. నీటిలో తగినంత సున్నం, పటిక, బ్లీచింగు పొడి కలిపి సుమారు పది నిమిషాలు నెమ్మదిగా కలియబెట్టాలి. తరువాత ఒక గంటసేపు కదల్చకుండ ఉంచితే ఫ్లోరైడుతో కూడిన మడ్డి అడుగుకు చేరుతుంది. పైనున్న తేటను మాత్రం వేరు చేసుకోవాలి. పటిక, సున్నం ఎంత వేయాలన్నది నీటి స్వభావాన్ని బట్టి మారుతుంది గనుక, ముందుగా నీటిని పరీక్ష చేయించడం తప్పనిసరి. అడుగున చేరిన మడ్డిని బావుల దగ్గర, కాలువలలో పారబోయరాదు. అలా చేస్తే తొలగించిన ఫ్లోరైడును మరల నీటికే అప్పగించినట్లవుతుంది.

నేడు ఊళ్ళలో శుద్ధజల యంత్రాలు నెలకొన్నాయి. ఇరవై లీటర్ల క్యానులు ఇంటింటికీ చేరుతున్నాయి. ఆర్.ఓ. పద్ధతిలో శుద్ధి చేసిన నీటిలో ఫ్లోరైడు చాలవరకు తొలగిపోతుంది. అయితే ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతూ ఉంటుంది. కొనితెచ్చిన నీటిని త్రాగడానికి మాత్రమే ఉంచి, వంటకు బోరునీరే వాడతారు. బియ్యం తన పరిమాణానికి రెండింతల నీటిని పీల్చుకొని అన్నమవుతుంది. పప్పు, సాంబారు, చారు అన్నీ నీటిమయమే. అంటే గ్లాసులో వద్దనుకొన్న ఫ్లోరైడు కంచంలోకి చేరుతుందన్నమాట. బడిలో మధ్యాహ్న భోజనం వండే నీటి విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. స్నానానికి, బట్టలు ఉతకడానికి, అంట్లు తోమడానికి బోరునీరు వాడవచ్చు. చర్మం ద్వారా దాని ప్రభావం చెప్పుకోదగినది కాదు. త్రాగడానికి, వంటకు మాత్రం పరీక్షించిన నీరే వాడాలి.

వాననీటిలో ఫ్లోరైడు దాదాపుగా ఉండదు. బడి కప్పుమీద పడిన వానను శుభ్రమైన తొట్టిలో నిలువచేసుకోవడం, చెరువులను పూడిక తీసి భూగర్భజలాన్ని పెంచడం శాశ్వత ప్రయోజనం గల పనులు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మను కొండల నడుమ అడ్డగించి మన పూర్వికులు కంభం చెరువును నిర్మించారు. 2020లో అంతర్జాతీయ సంస్థ దానిని వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. వానచుక్కను పట్టి నిలిపే విద్య ఈ సీమకు కొత్త కాదు.

ఆహారం కూడ ఔషధంతో సమానం. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు కాల్షియాన్ని ఇస్తాయి. కాల్షియం ఆహారనాళంలో ఫ్లోరైడును పట్టి ఉంచి, అది రక్తంలో చేరకుండ కొంత అడ్డుకొంటుంది. ఉసిరి, జామ, నిమ్మ విటమిన్ సి ని సమకూరుస్తాయి. తేయాకులో ఫ్లోరైడు సహజంగానే ఎక్కువ గనుక, ఇటువంటి గ్రామాలలో పిల్లలకు తేనీరు అలవాటు చేయకపోవడం మేలు. ఎనిమిదేండ్ల లోపు పిల్లలు పేస్టును మింగకుండ పెద్దలు చూడాలి.

కాలువనీరు వచ్చిన తరువాత

ఫ్లోరైడు బాధకు అన్నిటికంటె మేలైన పరిష్కారం నదీజలాలను అందించడం. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుండి 1967లో కాలువలకు నీరు విడుదలయింది. కుడికాలువకు చెందిన దర్శి బ్రాంచి కాలువ ఈ మెట్టప్రాంతానికి కృష్ణానీటిని తెచ్చింది. కాలువ ఎక్కని పశ్చిమపు భూములకు శ్రీశైలం జలాలను నల్లమల గుండా సొరంగాల ద్వారా తరలించడానికి పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఫ్లోరైడు పీడిత గ్రామాలకు త్రాగునీరు ఇవ్వడం కూడ దాని లక్ష్యాలలో ఒకటి.

అయితే నదీజలంలో ఫ్లోరైడు తక్కువే గాని, దానికి వేరే శత్రువులు ఉన్నాయి. కాలువనీరు సంవత్సరం పొడవునా రాదు. వచ్చినప్పుడు చెరువులలో నింపి, నెలల తరబడి వాడుకోవలసి ఉంటుంది. ఆ చెరువు గట్టున మలవిసర్జన చేసినా, అందులో పశువులను కడిగినా, బట్టలు ఉతికినా, మన తాతలు బోరు వేయించి తప్పించుకొన్న కలరా, విరేచనాల వంటి వ్యాధులు తిరిగి రావచ్చు. చెరువునీటిని ఇసుక వడపోత గుండా పంపి, క్లోరిన్ కలిపి కుళాయిలకు వదలాలి. కుళాయి దగ్గరకు చేరిన నీటిలో కూడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. మురుగుకాలువలో మునిగి ఉన్న గొట్టానికి చిన్న పగులు చాలు, ఆ శ్రమ అంతా వృథా కావడానికి.

కనుక ఈ ప్రాంతపు విద్యార్థి రెండు విధాలైన శుభ్రతలను ఏకకాలంలో పాటించవలసి ఉంది. అడుగునీరు రాయి దోషం కలది, దానికి పరీక్ష కావాలి. పైనీరు మనిషి దోషం కలది, దానికి నడవడి కావాలి. మరుగుదొడ్డిని వాడడం, భోజనానికి ముందు, మలవిసర్జన తరువాత సబ్బుతో చేతులు కడుగుకోవడం, నీటి తొట్టెలో చేయి ముంచకుండ పొడుగుకాడ గల గరిటెతో తీసుకోవడం, కాళ్ళకు చెప్పులు వేసుకొని కొంకిపురుగుల నుండి కాపాడుకోవడం ఇవన్నీ చిన్నపనులుగానే తోస్తాయి. కాని ఒక్క ఇల్లు పాటించి పక్క ఇల్లు విస్మరిస్తే ఫలితం ఇద్దరికీ దక్కదు. చెరువు ఊరందరిదీ గనుక శుభ్రత కూడ ఊరందరిదీ కావాలి.

ఈ సందర్భంలో విద్యార్థినుల ఇబ్బందిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నీరులేని మరుగుదొడ్డి ఉన్నా లేనట్టే. అటువంటి బడులలో బాలికలు ఉదయం నుండి సాయంత్రం వరకు నీరు త్రాగకుండ ఉండడానికి అలవాటు పడతారు. దానివల్ల మూత్రకోశ వ్యాధులు, తలనొప్పి, నీరసం కలుగుతాయి. నెలసరి రోజులలో బడి మానవలసి వస్తుంది. మరుగుదొడ్డికి తలుపు గడియ, తొట్టిలో నీరు, వాడిన గుడ్డలను వేయడానికి మూతగల డబ్బా ఉండడం విలాసం కాదు, చదువుకు కావలసిన కనీస సౌకర్యం.

విద్యార్థులు ఏమి చేయగలరు?

కేంద్రప్రభుత్వం 2008–09లో ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు, తొలిగా ఎంచుకొన్న కొద్ది జిల్లాలలో నెల్లూరు ఒకటి. ఆ కార్యక్రమంలో వ్యాధిని అంచనా వేయడానికి మొదట పరిశీలించేది పాఠశాల పిల్లల పలువరుసనే. ఏ పళ్ళను చూచి ఊరు నవ్విందో ఆ పళ్ళే ఊరి నీటి స్థితిని తెలిపే సాక్ష్యాలన్నమాట.

2019లో మొదలయిన జలజీవన్ మిషన్ కింద గ్రామస్థాయిలో నీటిని పరీక్షించే చిన్నపెట్టెలు పంచాయతీలకు అందించబడ్డాయి. నీటిలో రసాయనపు చుక్కలు కలిపి, మారిన రంగును పట్టికతో పోల్చి ఫ్లోరైడు సుమారుగా ఎంత ఉన్నదో తెలుసుకోవచ్చు. విజ్ఞానశాస్త్ర అధ్యాపకుల పర్యవేక్షణలో కళాశాల విద్యార్థులు ఈ పనిని సులభంగా నిర్వహించగలరు. తమ ఊరిలోని ప్రతి బోరును పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ కార్యాలయం గోడపై వ్రాయించవచ్చు. పరిమితిని దాటిన బోరుకు ఎరుపురంగు పూయించమని కోరవచ్చు. అనుమానం ఉన్న నీటిని గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలకు పంపించవచ్చు. వానాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి పరీక్షించడం మంచిది. ఎందుకనగా ఒకే బోరులో ఫ్లోరైడు ఎల్లప్పుడూ ఒకే తీరుగా ఉండదు.

ఈ పాఠం చదివే విద్యార్థుల వయస్సు ఎనిమిదేండ్లు దాటి చాలకాలమయింది. వారి పళ్ళు ఎలా రూపొందవలసి ఉన్నదో అలా రూపొందాయి. ఇప్పుడు మంచినీరు త్రాగినంత మాత్రాన పాతమచ్చలు మాసిపోవు. కాని వారి ఎముకలను కాపాడుకొనే అవకాశం ఇంకా వారి చేతిలోనే ఉన్నది. ఇంట్లో ఉన్న చిన్న తమ్ముడి, చెల్లెలి పళ్ళు ఇంకా చిగుళ్ళలోపల రూపుదిద్దుకొంటూనే ఉన్నాయి. వారి బిందెలోకి ఏ నీరు చేరుతున్నదో అడిగి తెలుసుకోవడం, తెలియకపోతే పరీక్ష చేయించడం చదువుకొన్నవారి బాధ్యత. తేటనీరంతా మంచినీరు కాదు. మచ్చపడిన పన్నంతా మురికిపన్ను కాదు. ఈ రెండు సత్యాలను తన ఇంటికి, తన వీథికి, తన ఊరికి తెలియజెప్పిన విద్యార్థి చదివిన చదువు సార్థకమవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

పరిపాటి = వాడుక, అలవాటు
సాంద్రత = చిక్కదనం, ఒక ద్రవంలో కలిసిన పదార్థం ప్రమాణం
అంగవైకల్యం = అవయవాలలో లోపం
కొరవడు = తక్కువ అగు
తంతువు = దారం వంటి పోగు
మడ్డి = అడుగున పేరుకొనే మురికి
అహితం = కీడు
నడవడి = ప్రవర్తన

అభ్యాసం

1. ఫ్లోరోసిస్ వల్ల పళ్ళపై కలిగిన మచ్చలను అపరిశుభ్రతగా భావించడం ఎందుకు తప్పు?
2. నీటిని కాచినందువల్ల ఫ్లోరైడు తొలగుతుందా? కారణం తెలపండి.
3. క్రిముల వ్యాధుల నుండి రక్షణ కోసం వేసిన బోర్లు మరొక ఆపదకు ఎలా కారణమయ్యాయి? బంగ్లాదేశ్ అనుభవంతో పోల్చి వ్రాయండి.
4. నల్లగొండ పద్ధతిని మీ సొంతమాటలలో వివరించండి.
5. ‘అడుగునీటికి పరీక్ష కావాలి, పైనీటికి నడవడి కావాలి’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.
6. మీ ఊరిలోని నీటి వనరుల పట్టిక తయారుచేసి, వాటిలో వేటిని త్రాగడానికి, వేటిని ఇతర అవసరాలకు వాడుతున్నారో, వేటిని ఇంతవరకు పరీక్షించలేదో వ్రాయండి.